కాలి ఉబ్బుసిరల శస్త్రచికిత్సలో మత్తు ఎంపిక: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కాలి ఉబ్బుసిరలు సాధారణంగా ప్రాణం తీసే వ్యాధి కాదు. అటువంటి వ్యాధికి శస్త్రచికిత్స చేసేటప్పుడు ఎంత ప్రమాదమున్న మత్తును వాడవచ్చుననే ప్రశ్న పందొమ్మిదో శతాబ్దం నుంచి వైద్యులను వెంటాడుతూనే ఉంది. క్లోరోఫారం, వెన్ను మత్తు, స్థానిక మత్తు అనే మూడు మార్గాల చరిత్రను ఈ వ్యాసం ఆ ప్రశ్న వెలుగులో పరిశీలిస్తుంది. శస్త్రచికిత్స పద్ధతి మత్తును నిర్ణయించిందన్న సాధారణ అభిప్రాయానికి భిన్నంగా, అనేక సందర్భాల్లో అందుబాటులో ఉన్న మత్తే శస్త్రచికిత్స రూపాన్ని నిర్ణయించిందని ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ల పాత్రను ఈ క్రమంలో పునఃపరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉబ్బుసిరలు, అనస్థీషియా, హైదరాబాదు క్లోరోఫారం కమిషన్, కార్ల్ ష్లైక్, వెన్ను మత్తు, ట్యూమెసెంట్ పద్ధతి, అంగీకారం.

ఉపోద్ఘాతం

రోమన్ సేనాని గయస్ మారియస్ (క్రీ.పూ. 157–86) రెండు కాళ్లకూ ఉబ్బుసిరలు ఉండేవని గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. ఆ కాలపు శస్త్రచికిత్సలో రోగిని కట్టివేయడం రివాజు. మారియస్ కట్టవద్దన్నాడు. ఒక కాలిని కోసి సిరలు తీస్తున్నంతసేపూ కదలలేదు, మూలగలేదు. వైద్యుడు రెండో కాలి వైపు తిరిగేసరికి మాత్రం వద్దని వారించాడు. పొందిన నొప్పికి తగినంత మేలు కనిపించడం లేదన్నది అతడు చెప్పిన కారణం. ప్లూటార్క్ కన్నా ముందే సిసెరో ఇదే ఉదంతాన్ని ప్రస్తావించాడు. రోమన్ రచయితలకు ఇది ధైర్యానికి దృష్టాంతం. వైద్యచరిత్ర దృష్టితో చూస్తే అంతకన్నా విలువైన విషయం మరొకటి ఉంది. యుద్ధాలలో ఆరితేరిన మనిషి, తన రోగాన్నీ దాని చికిత్సనూ రెండు తక్కెడల్లో వేసి తూచి, చికిత్సే బరువుగా ఉందని తేల్చాడు.

గాయపడి చీము పట్టిన కాలిని తీసివేసేటప్పుడు ఈ తూకం అవసరం లేదు. తీయకపోతే రోగి చనిపోతాడు. ఉబ్బుసిరల సంగతి వేరు. కాలు బరువెక్కుతుంది, సాయంత్రానికి వాస్తుంది, చీలమండ దగ్గర చర్మం నల్లబడుతుంది, కొందరిలో మానని పుండు పడుతుంది, ఎప్పుడైనా రక్తస్రావమూ కావచ్చు. అయినా ఏళ్ల తరబడి ఆ కాళ్లతోనే పని చేసుకుంటూ బతికేవారే ఎక్కువ. అందువల్ల ఈ శస్త్రచికిత్సలో మత్తు తెచ్చిపెట్టే ప్రతి అదనపు ప్రమాదమూ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఉబ్బుసిరల చరిత్రను సర్జన్ల కోణం నుంచి రాసినవారు చాలామంది ఉన్నారు. మత్తు కోణం నుంచి చూసినప్పుడు అదే చరిత్ర వేరొక క్రమంలో కనిపిస్తుంది.

పరిభాష గురించి ఒక మాట అవసరం. తెలుగు వాడుకలో 'నరం' అన్న పదం రక్తాన్ని మోసే సిరకూ, స్పర్శను మోసే నాడికీ, కండరాన్ని పట్టి ఉంచే స్నాయువుకూ కూడా చెల్లుతుంది. 'కాళ్ల నరాలు ఉబ్బాయి' అన్నప్పుడు నరం సిర. 'నరాల బలహీనత' అన్నప్పుడు నాడి. ఈ వ్యాసంలో రక్తనాళానికి సిర అనీ, స్పర్శను మోసేదానికి నాడి అనీ వాడటం జరిగింది. ఇది కేవలం మాటల పట్టింపు కాదు. ఈ శస్త్రచికిత్సలో తీసేది సిరను, మొద్దుబార్చేది నాడిని. సిరతోపాటు పొరపాటున దెబ్బతినేది కూడా నాడే.

మత్తుకు ముందు

ప్రాచీన పద్ధతుల్లో కోత, కాల్పు, కట్టు అనే మూడూ కనిపిస్తాయి. క్రీ.శ. ఒకటో శతాబ్దానికి చెందిన సెల్సస్ చెడిన సిరను కాల్చడం గానీ, కొక్కెంతో పైకి లాగి కోయడం గానీ చేయాలన్నాడు. ఏడో శతాబ్దపు పాల్ ఆఫ్ ఈజినా తొడ భాగంలో సిరను కట్టే విధానాన్ని వివరించాడు. భారతీయ సంప్రదాయంలో సుశ్రుత సంహిత చెప్పిన 'సిరాజగ్రంథి'ని ఉబ్బుసిరలతో పోల్చే వ్యాఖ్యాతలు ఉన్నారు. ఆ పోలిక పూర్తిగా కుదరదు. కానీ అదే గ్రంథంలోని సూత్రస్థానం శస్త్రకర్మకు ముందు రోగికి భోజనం పెట్టాలనీ, మద్యం అలవాటుండి నొప్పి ఓర్చుకోలేనివారికి ఘాటైన మద్యం తాగించాలనీ విధించింది. తిన్నవాడు సొమ్మసిల్లడు, తాగినవాడికి కత్తి తెలియదు అన్నది అందులోని తర్కం. నేటి ఆసుపత్రి నియమం దీనికి సరిగ్గా ఎదురు. పూర్తి మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. స్పృహ లేని మనిషి కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. సుశ్రుతుని రోగి మద్యం తాగినా దగ్గగలడు, మింగగలడు. మత్తు లోతు పెరిగినకొద్దీ నియమం తలకిందులైంది.

క్లోరోఫారం, హైదరాబాదు

1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్‌ను బహిరంగంగా ప్రదర్శించాడు. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారాన్ని ప్రవేశపెట్టాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గరి విన్లటన్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలకే చనిపోయింది. ఆమెకు తలపెట్టినది కాలి గోరు తొలగించే చికిత్స. ఆ తరువాతి దశాబ్దాల్లో నమోదైన క్లోరోఫారం మరణాల్లో ఇటువంటివి తరచుగా కనిపిస్తాయి. పెద్ద శస్త్రచికిత్సల్లో కన్నా పన్ను పీకడం, గోరు తీయడం వంటి చిన్న పనుల్లో, అదీ మత్తు పూర్తిగా పట్టకముందే, ఆరోగ్యవంతులు హఠాత్తుగా మరణించేవారు. ఎందుకన్నది ఎవరికీ అంతుపట్టలేదు. ఉబ్బుసిరల రోగి కూడా ఈ 'చిన్న పని' వర్గానికే చెందుతాడు.

హైదరాబాదు ఈ వివాదంలోకి వచ్చింది ఇక్కడే. రెసిడెన్సీ సర్జన్‌గా, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ సంప్రదాయంలో చదువుకున్నవాడు. శ్వాసను గమనిస్తూ ఇస్తే క్లోరోఫారం వల్ల ప్రమాదం లేదనీ, నాడి పట్టి చూడటం దృష్టిని మళ్లించడమేననీ అతడి నమ్మకం. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రోత్సాహంతో 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ జంతువులపై ప్రయోగాలు చేసి, శ్వాసే ముందు ఆగుతుందని తీర్మానించింది. లండన్ పత్రిక లాన్సెట్ ఈ తీర్మానాన్ని శంకించింది. నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చి లాన్సెట్ ప్రతినిధినే హైదరాబాదుకు రప్పించాడు. అలా వచ్చిన లాడర్ బ్రంటన్ పాల్గొన్న రెండో కమిషన్ 1889లో మళ్లీ ప్రయోగాలు జరిపి, మొదటి తీర్మానాన్నే సమర్థించింది. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి క్లోరోఫారం ఇవ్వడాన్ని వృత్తిగా స్వీకరించిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా నేడు గుర్తిస్తున్నారు.

తెలుగునాట ఈ కమిషన్లను గురించి రాసేవారు సాధారణంగా గర్వంతో మొదలుపెట్టి గర్వంతో ముగిస్తారు. అది సగం నిజం మాత్రమే. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు అసలు రహస్యాన్ని బయటపెట్టాయి. క్లోరోఫారం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు, శరీరంలో అడ్రినలిన్ పెరిగితే, గుండె గదులు లయ తప్పి వణికి ఆగిపోతాయి. భయంతో ఉన్న రోగి, అరకొర మత్తులో ఉండగా కత్తి పడితే జరిగేది ఇదే. గోరు తీయించుకోవడానికి వచ్చిన బాలిక మరణం వెనుక ఉన్న కారణం ఇదే అయి ఉండాలని తరువాతివారు భావించారు. హైదరాబాదు ప్రయోగాల్లో జంతువులకు క్లోరోఫారం ఎక్కువగా, లోతుగా అందింది. ఎక్కువైన క్లోరోఫారం నిజంగానే ముందు శ్వాసను ఆపుతుంది. అంటే కమిషన్ చూసినది అబద్ధం కాదు. చూసిన దాన్ని చూడని దానికి కూడా వర్తింపజేయడం తప్పు. శ్వాసను క్షణక్షణం గమనించాలన్న లారీ బోధన మాత్రం మంచి అలవాటుగా నిలిచింది. నాడిని పట్టించుకోనవసరం లేదన్న బోధన నిలవలేదు.

ఇదే కాలంలో, 1890–91లో, బాన్‌లో ఫ్రీడ్రిక్ ట్రెండెలెన్‌బర్గ్ ఉబ్బుసిరల శస్త్రచికిత్సకు ఆధునిక పునాది వేశాడు. కవాటాలు చెడిన పెద్ద సఫీనస్ సిరలో రక్తం కిందికి వెనక్కి పోతుందని గుర్తించి, తొడ మధ్యలో చిన్న కోత పెట్టి ఆ సిరను కట్టివేసే విధానాన్ని ప్రకటించాడు. ఒక చిన్న కోత, ఒక కట్టు. ఇంత పరిమితమైన పనికి మనిషిని మొత్తంగా స్పృహ తప్పించాలా అన్న ప్రశ్న అప్పటికే బెర్లిన్‌లో సిద్ధమవుతోంది.

సభ నుంచి వెళ్లిపోయిన సర్జన్

1884 సెప్టెంబరులో కార్ల్ కోలర్ పరిశోధన ద్వారా కొకెయిన్ కంటిని మొద్దుబారుస్తుందని ప్రపంచానికి తెలిసింది. దాన్ని సూదితో శరీరంలోకి ఎక్కించడం మొదలైన తరువాత విషప్రభావాలూ, వ్యసనమూ వెంటనే వచ్చాయి. నాడుల దగ్గర కొకెయిన్ ఎక్కించే పద్ధతిని తనపైనే ప్రయోగించుకున్న అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ దానికి బానిసయ్యాడు. సమస్య మందులో ఉందా, మోతాదులో ఉందా అని తేల్చినవాడు బెర్లిన్ సర్జన్ కార్ల్ లుడ్విగ్ ష్లైక్. మందును బాగా పలుచన చేసి, ఎక్కువ ద్రవాన్ని కణజాలంలోకి ఎక్కించి ఉబ్బేలా చేస్తే, చాలా కొద్ది కొకెయిన్‌తోనే కోతకు చాలినంత స్పర్శనాశం వస్తుందని అతడు చూపాడు. అతడి ద్రావణాల్లో అతి పలుచనిదానిలో కొకెయిన్ 0.01 శాతం మాత్రమే.

1892లో జర్మన్ సర్జన్ల మహాసభలో ష్లైక్ దీన్ని వివరించి, ఇంత నిరపాయకరమైన మార్గం ఉండగా, స్థానిక మత్తు సరిపోయే చోట పూర్తి మత్తు ఇవ్వడం నైతికంగానూ చట్టపరంగానూ సమర్థనీయం కాదన్నాడు. సభ మండిపడింది. అక్కడ కూర్చున్నవారంతా రోజూ పూర్తి మత్తులోనే కోసేవారు. చర్చకు అవకాశం లేకుండా ష్లైక్ సభను విడిచి వెళ్లాడు. అతడి మాట తీరు దురుసైనదే కావచ్చు. ఆ దురుసుతనం వల్ల పలుచన ద్రావణం అన్న సూత్రం కూడా చాలాకాలం పక్కకు పోయింది. 1903లో హైన్రిక్ బ్రౌన్ అడ్రినలిన్‌ను జోడించి మందు ఎక్కువసేపు ఒకేచోట ఉండేలా చేశాడు. 1904లో ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ ప్రొకెయిన్‌ను తయారుచేశాడు. దానితో కొకెయిన్ బెడద తగ్గింది. పలుచన, పరిమాణం, అడ్రినలిన్ అనే మూడూ అప్పటికే వైద్యుల చేతిలో ఉన్నాయి. వీటిని ఉబ్బుసిరల కోసం ఒకచోట చేర్చడానికి మరో ఎనభై ఏళ్లకు పైగా పట్టడం ఈ చరిత్రలోని విచిత్రం.

వెన్ను మత్తు, సిరను లాగివేసే పద్ధతి

1898 ఆగస్టులో కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ వెన్నులోని ద్రవంలోకి కొద్దిపాటి కొకెయిన్ ఎక్కించి కాలి శస్త్రచికిత్స చేశాడు. ఆ తరువాత తానూ, సహాయకుడు హిల్డెబ్రాంట్ ఒకరిపై ఒకరు ప్రయోగించుకున్నారు. సిరంజి సూదికి సరిపోక బియర్ వెన్ను ద్రవం చాలా కారిపోయింది, మత్తు మాత్రం పట్టలేదు. హిల్డెబ్రాంట్ కాళ్లు మొద్దుబారాయి. బియర్ అతడి కాలిపై సుత్తితో కొట్టాడు, చుట్ట నిప్పు అంటించాడు, ఏమీ తెలియలేదు. తరువాత బియర్ తొమ్మిది రోజులు తలనొప్పితో మంచం పట్టాడు. లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే ఉపశమనం. వెన్ను ద్రవం కారడం వల్ల వచ్చే తలనొప్పిని తొలిసారి వర్ణించినవాడు దాన్ని స్వయంగా అనుభవించినవాడే కావడం విశేషం.

కొద్ది సంవత్సరాలకే అమెరికాలో సిరను కట్టడంతో ఆగకుండా మొత్తంగా లాగివేసే పరికరాలు వచ్చాయి. 1905లో కెల్లర్, 1906లో చార్లెస్ మేయో, 1907లో విలియం వేన్ బాబ్‌కాక్ ఒక్కొక్కరు ఒక్కో నమూనాను ప్రకటించారు. బాబ్‌కాక్ పరికరం సిరలోపలి నుంచి పోయే వంగే తీగ, దాని చివర గుండు. గజ్జల దగ్గర ఒక కోత, చీలమండ దగ్గర ఒక కోత పెట్టి తీగను లాగితే సిర ఊడివస్తుంది. ఫిలడెల్ఫియాలో పనిచేసిన ఈ బాబ్‌కాక్ అమెరికాలో వెన్ను మత్తుకు గట్టి ప్రచారకుడు కూడా. ఇది కాకతాళీయం అనుకోవడం కష్టం. గజ్జల నుంచి చీలమండ దాకా కణజాలాన్ని చీల్చుకుంటూ సిర ఊడివచ్చే పద్ధతిని, కాలు మొత్తం మొద్దుబార్చగల సాధనం చేతిలో ఉన్నవాడు ఆలోచించడం సహజం. ట్రెండెలెన్‌బర్గ్ కట్టుకు ష్లైక్ సూది సరిపోయేది. బాబ్‌కాక్ తీగకు సరిపోదు.

శరీరనిర్మాణం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. గజ్జల చర్మానికి ఇలియోఇంగ్వైనల్, జెనిటోఫెమోరల్ నాడుల నుంచి స్పర్శ అందుతుంది. తొడ ముందు, లోపలి భాగాలకు ప్రధానంగా ఫెమోరల్ నాడి. మోకాలి కింద సిరతోపాటే సాగే సఫీనస్ నాడి ఆ ఫెమోరల్ శాఖే. మోకాలి వెనుక నుంచి పిక్కలోకి దిగే చిన్న సఫీనస్ సిరకైతే సయాటిక్ నాడి కొమ్మలు కావాలి. ఒక్క సూదితో ఇవన్నీ దొరికే చోటు వెన్ను మాత్రమే. చిన్న సఫీనస్‌కు రోగిని బోర్లా పడుకోబెట్టాలి. పూర్తి మత్తులో బోర్లా పడుకోబెడితే శ్వాసమార్గాన్ని గొట్టంతో కాపాడుకోవలసి వస్తుంది. వెన్ను మత్తులో రోగి తనంతట తానే శ్వాసిస్తాడు. వెన్ను మత్తుకు దాని కష్టాలు దానికి ఉన్నాయి. రక్తపోటు పడిపోవడం, కొన్ని గంటలు మూత్రం రాకపోవడం, తలనొప్పి, కాళ్లు తిరిగి స్వాధీనమయ్యేదాకా మంచం దిగలేకపోవడం. చివరిది ఉబ్బుసిరల రోగికి ప్రత్యేకంగా నష్టదాయకం. కాలి లోతు సిరల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే వీలైనంత త్వరగా నడవాలి.

చీలమండ దాకా లాగినప్పుడు సఫీనస్ నాడి చిరిగి మోకాలి కింద లోపలి వైపు తిమ్మిరి మిగిలే రోగులు ఎక్కువగా కనిపించడంతో, క్రమంగా మోకాలి దాకానే లాగడం అలవాటైంది.

చెస్టర్‌ఫీల్డ్ తరువాత

1947 అక్టోబరు 13న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో ఒకేరోజు వెన్ను మత్తు పొందిన ఆల్బర్ట్ వూలీ, సెసిల్ రో అనే ఇద్దరు కార్మికులకు నడుము కింది భాగం శాశ్వతంగా చచ్చుబడింది. ఒకరిది హైడ్రోసీల్, మరొకరిది మోకాలి మృదులాస్థి. రెండూ ప్రాణం మీదికి వచ్చిన రోగాలు కావు. మందు సీసాలను ఫినాల్ ద్రావణంలో ఉంచేవారనీ, కంటికి కనిపించని పగుళ్ల ద్వారా ఫినాల్ లోపలికి చేరిందనీ న్యాయస్థానం అంగీకరించిన వివరణ. 1954లో అప్పీలు న్యాయస్థానం ఆసుపత్రిని, మత్తు వైద్యుణ్ణి నిర్లక్ష్యం చేసినవారుగా నిర్ణయించలేదు. 1947నాటి ఘటనను 1954నాటి కళ్లద్దాలతో చూడరాదన్న అర్థంలో న్యాయమూర్తి డెనింగ్ ఇచ్చిన తర్కం ఆ తరువాత వైద్య నిర్లక్ష్య కేసుల్లో ఎన్నోసార్లు ఉదాహరణ అయింది. స్టెరిలైజరు గిన్నెలోని పొలుసును తొలగించే ఆమ్లమే అసలు కారణం కావచ్చునని 1990లో మరొక పరిశోధకుడు వాదించాడు. కారణం ఏదైనా, బ్రిటన్‌లో వెన్ను మత్తు ఆ తరువాత దాదాపు ఒక తరంపాటు వెనుకబడింది.

ఆ ఖాళీని పూరించినది మెరుగైన పూర్తి మత్తు. 1956లో హాలోథేన్ వాడకంలోకి వచ్చింది. 1980ల్లో ప్రొపొఫాల్, గొంతులో అమర్చే లారింజియల్ మాస్క్ వచ్చాయి. దానితో ఉదయం చేరి సాయంత్రం ఇంటికి వెళ్లే వీలు ఏర్పడింది. అటుపక్క సన్నని, పెన్సిల్ మొన వంటి సూదులు వెన్ను మత్తు తలనొప్పిని బాగా తగ్గించాయి. అయినా భయం చెదరలేదు. నడుముకు సూది వేయించుకుంటే జీవితాంతం నడుమునొప్పి ఉంటుందన్న మాట తెలుగు ఇళ్లలో, ముఖ్యంగా సిజేరియన్ అయిన స్త్రీల మధ్య, నేటికీ వినిపిస్తుంది. సూది దిగిన చోట కొద్దిరోజుల నొప్పి ఉండవచ్చు. దీర్ఘకాలిక నడుమునొప్పికి అదే కారణమని పరిశోధనలు నిరూపించలేదు. చెస్టర్‌ఫీల్డ్ పేరైనా తెలియని చోట అటువంటి భయమే వేరే దారిలో వచ్చి స్థిరపడటం గమనించదగినది.

మధ్యే మార్గాలూ లేకపోలేదు. ఫెమోరల్, జెనిటోఫెమోరల్ నాడులను మాత్రమే మొద్దుబార్చి సిరను లాగిన రోగులు, వెన్ను మత్తు పొందినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్లగలిగారని 1997లో న్యూయార్క్ మత్తు వైద్యులు ప్రకటించారు.

కొక్కెం, నురుగు

పెద్ద ఆసుపత్రుల బయట మరొక ధార సాగింది. స్విట్జర్లాండులోని నొషటెల్‌లో చర్మవైద్యుడు రాబర్ట్ మ్యూలర్ 1950ల నుంచి స్థానిక మత్తులో, సూది మొనంత రంధ్రాల గుండా కొక్కెంతో సిరలను ముక్కలు ముక్కలుగా తీసి, కట్టు కట్టి రోగిని నడిపించి పంపేవాడు. సెల్సస్ కొక్కేనికి ఇతడు తెలియకుండానే వారసుడు. డబ్లిన్‌లో జార్జ్ ఫీగన్ సిరలోకి గట్టిపరిచే మందు ఎక్కించి గట్టి కట్టు కట్టే పద్ధతిని ప్రచారం చేశాడు. దానికి మత్తే అక్కరలేదు. 1970ల్లో బ్రిటన్‌లో ఖర్చు లెక్కించినవారికి ఇంజెక్షన్ పద్ధతి చౌకగా కనిపించింది. కొన్నేళ్ల తరువాత చూసిన ఫలితాల్లో ప్రధాన సిర చెడిన రోగులకు శస్త్రచికిత్సే మెరుగని తేలింది. దాంతో లాగివేసే పద్ధతీ, దానికి కావలసిన భారీ మత్తూ ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా నిలిచాయి.

పలుచన సూత్రం తిరిగి రావడం

1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ లిడోకెయిన్‌ను రూపొందించారు. లుండ్‌క్విస్ట్ దాన్ని తన శరీరంపైనే పరీక్షించుకున్నాడు. 1948లో జైలోకైన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. తెలుగునాట పన్ను తీయించుకున్న ప్రతివారికీ ఇది పరిచయమే. అడ్రినలిన్‌తో కలిపినప్పుడు శరీరబరువులో కిలోకు 7 మిల్లీగ్రాములు దాటరాదన్నది దీర్ఘకాలం చెల్లుబాటైన హద్దు.

కొవ్వును పీల్చి తీసే చికిత్స కోసం కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ఆ హద్దును ప్రశ్నించాడు. 0.05 నుంచి 0.1 శాతం దాకా పలుచన చేసి, అడ్రినలిన్ కలిపి, చర్మం కింది కొవ్వులోకి పెద్ద పరిమాణంలో ఎక్కిస్తే మందు చాలా నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది. 1990లో అతడు కిలోకు 35 మిల్లీగ్రాముల దాకా సురక్షితమన్నాడు. ష్లైక్ సభలో చెప్పినదే ఇది, కొత్త మందుతో, కొలిచి చూపిన రక్త ప్రమాణాలతో. అయితే ఉత్సాహం అదుపు తప్పితే ఏమవుతుందో 1999లో న్యూయార్క్ వైద్యులు కొవ్వు చికిత్సలో సంభవించిన మరణాలను ప్రచురించినప్పుడు తెలిసింది. 2016లో క్లైన్ తన సహపరిశోధకుడితో కలిసి, కొవ్వు పీల్చివేయని సందర్భాల్లో 28 మిల్లీగ్రాముల హద్దును ప్రతిపాదించాడు. పీల్చివేతలో కొంత మందు బయటికి పోతుంది, సిరల చికిత్సలో పోదు కనుక ఈ భేదం ముఖ్యం.

ఉబ్బుసిరలకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోయింది. 1990ల చివర సిరలోకి తీగ పంపి రేడియో తరంగాలతో లోపలి నుంచి వేడిచేసి మూసే పద్ధతి వచ్చింది. 2001లో నవారో, మిన్, బోనే లేజరుతో అదే పని చేసిన ఫలితాలను ప్రకటించారు. లేజరు కొన దగ్గర వేడి నీటి మరుగుస్థానాన్ని దాటి వందల డిగ్రీలకు చేరుతుంది. సిర చుట్టూ అల్ట్రాసౌండు చూస్తూ ఎక్కించిన పలుచన ద్రావణం అక్కడ మూడు పనులు చేస్తుంది. నొప్పిని ఆపుతుంది. సిరను బయటి నుంచి నొక్కి, గోడను తీగకు అంటుకునేలా చేస్తుంది. వేడిని పీల్చుకుని పక్కనున్న నాడినీ చర్మాన్నీ కాపాడుతుంది. పూర్తి మత్తులో గానీ వెన్ను మత్తులో గానీ ఈ చికిత్స చేసినా ద్రావణం ఎక్కించక తప్పదు. ఆ స్థితిలో పూర్తి మత్తు దాదాపు రెండో మత్తు అవుతుంది.

లెక్క వేస్తే అంతరం తెలుస్తుంది. 50 కిలోల స్త్రీకి పాత హద్దు 350 మిల్లీగ్రాములు. ఒక తొడ సిరకు 0.1 శాతం ద్రావణం 300 మిల్లీలీటర్లు వాడితే మందు 300 మిల్లీగ్రాములు, పాత హద్దులోపే. రెండు కాళ్లకూ ఒకేసారి చేస్తే 600. పాత హద్దు దాటినా, క్లైన్ చెప్పిన 1,400కు చాలా దూరం. రెండు కాళ్లున్న రోగికి పూర్తి మత్తే శరణ్యమన్న పాత వాదం ఈ లెక్క ముందు బలహీనపడుతుంది. పూర్తిగా పోదు. తొడ పొడవునా పది పన్నెండు చోట్ల సూది గుచ్చుతారు. సూదంటే వణికిపోయే రోగికి, పుండు నొప్పితో కాలు కదల్చలేని రోగికి, పాత కోతల మచ్చలతో కణజాలం గట్టిపడిన రోగికి మరో దారి చూడక తప్పదు. రక్తం పలుచనయ్యే మందులు వాడేవారికి వెన్ను మత్తు ప్రమాదం కనుక వారికి మాత్రం ఈ ద్రావణమే మేలు.

2011లో అమెరికన్ సిరవైద్య సంఘాల మార్గదర్శకాలు, 2013 జులైలో బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకం సిరను లోపలి నుంచి వేడితో మూసే పద్ధతికి ప్రథమ స్థానమిచ్చాయి. నైస్ క్రమంలో తరువాతిది నురుగు ఇంజెక్షన్, చివరిది శస్త్రచికిత్స. పైకి ఇది లేజరు విజయంగా కనిపించినా, రోగి ఆపరేషను గది నుంచి నడుచుకుంటూ బయటికి రాగలగడానికి లేజరుకన్నా దాని చుట్టూ ఉన్న ఉప్పునీటిదే ఎక్కువ పాత్ర అని చెప్పవలసి ఉంటుంది. 2015లో అమెరికా అనుమతి పొందిన సయనోఅక్రిలేట్ జిగురు పద్ధతిలో సిరను అంటించి మూస్తారు. వేడి లేదు కనుక ద్రావణమూ అక్కరలేదు. తీగ దూరే చోట ఒక్క సూది మత్తు చాలు.

మెలకువగా ఉన్న రోగి

మత్తు ఎంపికలో చట్టపరమైన కోణాన్ని ష్లైక్ 1892లోనే లేవనెత్తాడు. భారతదేశంలో అది స్పష్టమైన రూపం దాల్చింది 2008 జనవరిలో. సమీరా కోహ్లి కేసులో రోగనిర్ధారణ కోసం పూర్తి మత్తులో ఉన్న స్త్రీకి, ఆమె తల్లి అంగీకారంతో గర్భాశయం తొలగించారు. ఒక ప్రక్రియకిచ్చిన అంగీకారం మరొకదానికి వర్తించదనీ, ప్రాణాపాయం లేనప్పుడు రోగి మెలకువ వచ్చేదాకా ఆగాలనీ, ప్రత్యామ్నాయాలనూ ప్రమాదాలనూ ముందే తెలపాలనీ సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఈ తీర్పు ఉబ్బుసిరల గురించి కాదు. కానీ దాని తర్కం ఇక్కడ సూటిగా వర్తిస్తుంది. ఒక కాలు పూర్తయిన తరువాత రెండోది చేయాలా అన్న ప్రశ్నను మెలకువగా ఉన్న రోగిని అడగవచ్చు. పూర్తి మత్తులో ఉన్నవారిని అడగలేము. మత్తులో లేని మారియస్ కనుకనే తన రెండో కాలిని తాను నిర్ణయించుకోగలిగాడు.

ప్రత్యామ్నాయాలు తెలపడానికి తెలుగులో ఒక చిక్కు ఉంది. స్పృహ పోగొట్టేదీ, నడుము కింద మొద్దుబార్చేదీ, సిర చుట్టూ ఎక్కించేదీ మూడూ వాడుకలో 'మత్తు' లేదా 'మత్తుమందు'. 'మత్తుకు అంగీకరిస్తున్నాను' అన్న వాక్యం కింద వేలిముద్ర వేసినా సంతకం చేసినా, ఆ రోగి దేనికి ఒప్పుకున్నదీ కాగితం చెప్పదు. 'పూర్తి మత్తు', 'నడుము మత్తు', 'కాలికి మాత్రమే మత్తు' అన్న మాటలు వాడుకలో అక్కడక్కడా ఇప్పటికే వినిపిస్తున్నాయి. అంగీకార పత్రాల్లో ఆ మూడింటినీ వేర్వేరు గడులుగా ముద్రించడానికి కొత్త పరిభాష ఏదీ కల్పించనవసరం లేదు.